మోటారు లైను నుండి ఇంటి ప్లగ్గుకు దారి ఏది?

(ఒక వ్యవసాయాధికారి, బి.యస్‌సి. అగ్రికల్చర్, విశాఖపట్నం)

పంపుసెట్టు కనెక్షను రైతు తీసికొన్నది నీటి కొరకు. కాని నేడు పొలములోని మోటారు పాక నీరు తోడుటతో ఆగిపోలేదు. రాత్రి అక్కడ ఒక దీపము కావలెను. పశువుల శాల ప్రక్కనే ఉన్నచో గడ్డి నరకుటకు చాఫ్ కట్టరు కావలెను. బ్యాటరీ స్ప్రేయరును చార్జి చేసికొనవలెను, సెల్‌ఫోనును చార్జి చేసికొనవలెను. ఇవన్నియు 230 వోల్టుల సింగిల్ ఫేజుతో నడచునవి. పాకలో ఉన్నదేమో మూడు ఫేజుల మోటారు లైను. అందులో ఏ రెండు ఫేజు తీగల మధ్యనైనను 400 మొదలు 415 వోల్టులు ఉండును. ఈ పెద్ద లైను నుండి ఆ చిన్న ప్లగ్గుకు దారి ఏది? దీనికి సమాధానము మనము చెప్పకపోవుటచేత రైతు తనకు తోచిన దారిని తాను వేసికొనుచున్నాడు. ఆ దారి కొన్నిచోట్ల మనిషి ప్రాణము మీదికి, పశువు ప్రాణము మీదికి వచ్చుచున్నది.

నా అభిప్రాయమును ముందే సూటిగ చెప్పెదను. రైతుచేత సింగిల్ ఫేజు యంత్రమును కొనిపించు ప్రతి శాఖయు దానిని ఏ సాకెట్టుకు తగిలించవలెనో కూడ చెప్పవలెను. చెప్పుటయే కాదు, ఆ సాకెట్టు పొలమునకు సక్రమముగ వచ్చునట్లు విద్యుత్ పంపిణీ సంస్థతో కలిసి ఏర్పాటు చేయవలెను. “మోటారు లైనును ముట్టవద్దు” అని గోడమీద వ్రాసినంత మాత్రమున రైతు అవసరము తీరదు. అవసరము తీరనంత కాలము అడ్డదారియు పోదు.

గానుగ పాకలో జరుగుచున్నదేమి?

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రము పని ప్రారంభించిన పిమ్మట విశాఖ ప్రాంతపు పల్లెలకు కరెంటు క్రమముగ విస్తరించినది. ఏతాము, కపిల పోయి నూతిమీదికి మోటారు వచ్చినది. 2004 నుండి వ్యవసాయ పంపుసెట్లకు ఉచిత విద్యుత్తు లభించుచున్నది. చెరకుకు, బెల్లమునకు పేరుపడి, 2022లో ప్రత్యేక జిల్లా అయిన అనకాపల్లి ప్రాంతములో గానుగ కూడ కరెంటు మోటారుతోనే ఆడుచున్నది.

బెల్లము వండు రోజులలో పని తెల్లవారుజాముననే మొదలగును, ఒక్కొక్కమారు రాత్రి ప్రొద్దుపోవు వరకు సాగును. పెనములో పాకము ఏ దశకు వచ్చినదో చూచుటకు వెలుతురు కావలెను. దీపము లేకున్నచో గానుగలో చెయ్యి పడు ప్రమాదము, మరుగు పాకము ఒంటిమీద పడు ప్రమాదము ఉన్నవి. కాబట్టి దీపము విలాసము కాదు. అది కావలెనని కోరు రైతును తప్పుపట్టుటకు వీలులేదు. తప్పంతయు ఆ దీపమునకు తీగ తెచ్చు పద్ధతిలో ఉన్నది.

ఆ పద్ధతులు సాధారణముగ మూడు. మొదటిది, స్టార్టరు పెట్టెలో ఒక ఫేజు నుండి తీగ తీసి, రెండవ తీగను మోటారు ఒంటికో, బోరు గొట్టమునకో, నేలలో పాతిన ఇనుప కడ్డీకో కట్టుట. రెండవది, రెండు బల్బులను వరుసగ కలిపి రెండు ఫేజుల మధ్య తగిలించుట. మూడవది, న్యూట్రలు ఉన్నచోట ఫేజును, న్యూట్రలును తీసికొనియు, మధ్యలో చిన్న ఫ్యూజు గాని రక్షణ పరికరము గాని లేకుండ సన్నని తీగతో నేరుగ సాకెట్టునకు కలుపుట.

రెండవ పద్ధతి సంగతి త్వరగనే బయటపడును. ఒకటి 100 వాట్లు, మరొకటి 40 వాట్లు గల పాతరకపు బల్బులను అట్లు కలిపిరనుకొందము. 400 వోల్టులు సమానముగ పంచబడవు. 40 వాట్ల బల్బుమీద సుమారు 285 వోల్టులు పడి అది మాడిపోవును. అది మాడినచో రెండవదియు ఆరిపోవును. కాని హోల్డరులో ఫేజు మాత్రము నిలిచియే ఉండును. దీపము ఆరినది గదా అని హోల్డరులో వ్రేలు పెట్టిన వానికి ఆ సంగతి తెలియును.

బల్బు వెలిగినంత మాత్రమున దారి మంచిది కాదు

అన్నిటికంటె వ్యాప్తిలో ఉన్నదియు, అన్నిటికంటె మోసకరమైనదియు మొదటి పద్ధతి. “పదేండ్లుగ ఇట్లే వెలుగుచున్నదండీ, ఏమియు కాలేదు” అని రైతులు చెప్పుదురు. వారు చెప్పునది అబద్ధము కాదు. ఏమియు ఎందుకు కాలేదో, ఎప్పుడు కాగలదో తెలియుటకు కొద్దిపాటి లెక్క చాలును.

నేలలో పాతిన కడ్డీ కరెంటును తేలికగ భూమిలోనికి పంపదు. దానికొక నిరోధము ఉండును. తడి నేలలో అది తక్కువ, ఎండిన గరువు నేలలో ఎక్కువ. మన కడ్డీ నిరోధము 50 ఓములు అనుకొందము. లెక్క సులభముగ ఉండుటకు ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఎర్తు నిరోధమును వదలివేయుదము.

9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు తీసికొను కరెంటు అతి స్వల్పము. దానివలన కడ్డీమీద నాలుగైదు వోల్టులకు మించి రావు. తాకినను తెలియదు. 100 వాట్ల పాతరకపు బల్బు నిరోధము 529 ఓములు. దానిని వెలిగించినపుడు కడ్డీమీద సుమారు 20 వోల్టులు వచ్చును. అప్పుడప్పుడు చిమచిమలాడును. ఇంతవరకు రైతు అనుభవము నిజమే.

ఇక అదే రెండు తీగలకు సాకెట్టు బిగించి, 2 హార్సు పవరు చాఫ్ కట్టరును తగిలించిరనుకొందము. అది సుమారు 1500 వాట్ల యంత్రము, దాని నిరోధము 35 ఓముల వంటిది. ఇప్పుడు 230 వోల్టులలో కడ్డీమీద పడునది 135 వోల్టులు, యంత్రమునకు మిగులునది 95 వోల్టులు. చాలీచాలని ఆ కరెంటుతో మోటారు గుర్రుమని మూలుగును గాని తిరుగదు. తిరుగక నిలిచిన మోటారు నిరోధము ఇంకను తక్కువ గనుక కడ్డీమీది వోల్టేజి ఇంకను పెరుగును. ఆ కడ్డీకి, లేక దానితో కలిసిన బోరు గొట్టమునకు, నీళ్ల మోటారు ఒంటికి ఆ వోల్టేజి అంతయు ఎక్కును. ఇక్కడ పారుచున్నది రెండు మూడు ఆంపియర్ల నుండి నాలుగైదు ఆంపియర్లకు మించదు. మోటారుకు వేసిన ఫ్యూజు ఆ మాత్రమునకు కదలదు. కట్టరు ఎందుకు తిరుగుటలేదో చూచుటకు ఒకరు వంగియుండగా, మరొకరు తడి కాళ్లతో వచ్చి గొట్టము దగ్గర చేయి కడుగుకొనబోవుదురు.

మరొక విధముగ కూడ ఆపద రాగలదు. బల్బు రెండవ తీగ మోటారు ఒంటికి కట్టి ఉన్నది. మోటారు ఒంటి నుండి కడ్డీకి పోవు ఎర్తు తీగ తుప్పుపట్టి తెగినది. సముద్రపు ఉప్పుగాలి తగులు భీమునిపట్నం, పరవాడ, అచ్యుతాపురం వైపు ఇనుము ఎంత త్వరగ తుప్పుపట్టునో చెప్పనక్కరలేదు. ఇప్పుడు బల్బు స్విచ్చి వేసినచో అది వెలుగదు. ఐనను ఆ బల్బు గుండ ఫేజు వచ్చి మోటారు ఒంటిమీద నిలిచియుండును. తడిసిన మనిషి ఒంటి నిరోధము సుమారు 1000 ఓములు అనుకొన్నను, 100 వాట్ల బల్బు గుండ అతనిలో పారు కరెంటు 150 మిల్లీ ఆంపియర్లు. మనిషి ప్రాణమును కాపాడుటకు పెట్టు పరికరము 30 మిల్లీ ఆంపియర్లకే సరఫరాను ఆపవలెనని ప్రమాణము. దీనినిబట్టి 150 అనగా ఎంతటిదో ఊహించుకొనవచ్చును.

న్యూట్రలు వేరు, ఎర్తు వేరు. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఆ రెండింటిని కలుపుదురు గనుక రెండును ఒకటే అను భ్రమ కలుగుచున్నది. న్యూట్రలు రోజూ కరెంటును మోయుటకు ఏర్పడిన తీగ. ఎర్తు మామూలుగ ఏమియు మోయరాదు, ఆపద వేళ మాత్రమే మోయవలెను. కాపలావానికి బరువులెత్తు పని అప్పగించినచో దొంగ వచ్చిన వేళకు కాపలా ఉండదు.

పశువు ముందు పోవును

ఈ విషయమున పాడి రైతు ప్రత్యేకముగ జాగ్రత్తపడవలెను. కడ్డీ నుండి భూమిలోనికి కరెంటు పారునపుడు కడ్డీ చుట్టునున్న నేలమీద అడుగడుగునకు వోల్టేజి మారుచుండును. మనిషి రెండు పాదముల మధ్య దూరము తక్కువ. గేదె ముందుకాళ్లకు, వెనుకకాళ్లకు మధ్య దూరము ఎక్కువ. పైగా ఆ రెండింటి నడుమ పారు కరెంటు దాని గుండె మీదుగ పోవును. మనిషికి ఏమియు తెలియని చోట పశువు బెదరుట, మేత ముట్టకుండుట, పడిపోవుట సంభవించును. మోటారు పాక దగ్గర నీరు, నీడ ఉండునని పాడి పశువును అక్కడనే కట్టివేయుట మనవారికి అలవాటు. ఎర్తు కడ్డీకి దగ్గరలో పశువును కట్టరాదు. ఇది ఖర్చులేని జాగ్రత్త, ఈ రోజే చేయదగినది.

సన్నని తీగ, లావు ఫ్యూజు

మూడవ పద్ధతిలో న్యూట్రలు ఉన్నది గనుక బాగుగనే ఉన్నదని తోచును. కాని అక్కడ వేరొక లోపము కలదు. 5 హార్సు పవరు మోటారు నడచునపుడు సుమారు ఏడెనిమిది ఆంపియర్లు తీసికొనును. బయలుదేరునపుడు అంతకు అయిదారు రెట్లు లాగును. అందుచేత దాని ఫ్యూజు లావుగ ఉండవలెను. ఆ ఫ్యూజు మోటారు తీగను కాపాడుటకు ఏర్పడినది. దాని వెనుక నుండి సన్నని దీపపు తీగను లాగినచో, ఆ తీగ రెండు కొనలు కలిసినపుడు ఫ్యూజు కంటె ముందు తీగయే కాలిపోవచ్చును. గానుగ పాక కప్పు చాలచోట్ల తాటాకు. క్రింద ఎండిన చెరకు పిప్పి గుట్టలు. నిప్పునకు ఇంతకంటె అనువైన చోటు మరియొకటి లేదు.

ఇదే పొరపాటు పట్టణపు ఇండ్లలో వేరొక రూపమున కనబడుచున్నది. గాజువాకలోనైనను, మధురవాడలోనైనను, గీజరుకు, ఏ.సి.కి 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి తగిన లావు తీగ, 16 లేక 20 ఆంపియర్ల ఎం.సి.బి. ఉండును. ఆ సాకెట్టులో ఒక అడాప్టరు గుచ్చి, 6 ఆంపియర్ల ఎక్స్‌టెన్షను పెట్టెను తగిలించి, దానికి నాలుగు వస్తువులు కలుపుదురు. 6 ఆంపియర్ల తీగమీద 14 ఆంపియర్లు పారినను 16 ఆంపియర్ల ఎం.సి.బి.కి అది తప్పుగ తోచదు. పెద్ద ప్లగ్గు చిన్న సాకెట్టులో పట్టకుండ చేయుటలో ఒక అర్థమున్నది. అడాప్టరు ఆ అర్థమును చెరిపివేయును. పెద్ద పాయింటు నుండి చిన్న సాకెట్లు కావలెనన్నచో నడుమ 6 ఆంపియర్ల ఎం.సి.బి. ఉన్న పెట్టెను ఎలక్ట్రీషియనుచేత పెట్టించుకొనవలెను.

ఈ చిక్కు మనకు మాత్రమే వచ్చినది కాదు. అమెరికాలో ఇండ్ల సాకెట్లకు 120 వోల్టులు, బట్టలు ఆరబెట్టు యంత్రమునకు 240 వోల్టులు, 30 ఆంపియర్ల లైను. ఆ పెద్ద లైను నుండి మామూలు సాకెట్లు తీసికొనవలెనను కోరిక అక్కడివారికిని కలుగును. అక్కడి పాత ఇండ్లలో ఆ యంత్రమునకు మూడు తీగలే వేసి, న్యూట్రలు చేతనే ఎర్తు పనిని కూడ చేయించెడివారు. 1996 నాటి నియమావళి నుండి క్రొత్తగ వేయు లైనులకు న్యూట్రలు వేరుగ, ఎర్తు వేరుగ నాలుగు తీగలు ఉండవలెనని కట్టడి చేసిరి. సంపన్న దేశమైనను, పేద దేశమైనను తీగకు ఒకటే ధర్మము.

కర్మాగారములో నేర్చినది పొలములో మరువరాదు

విశాఖ చుట్టుపట్ల పల్లెలలో ఉక్కు కర్మాగారమునకో, ఓడరేవునకో, నౌకా నిర్మాణ కేంద్రమునకో పనికిపోవువారు అనేకులు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 36-ఎ సెక్షనులో ట్యాంకులు, గోతులు, గొట్టములు వంటి ఇరుకు చోట్లలో 24 వోల్టులకు మించిన చేతి దీపమును వాడనీయరాదని నియమించిరి. తడిలో, ఇనుము నడుమ, తప్పించుకొనుటకు చోటులేని తావున మనిషికి 230 వోల్టులు యముడని గదా ఆ నియమము! పగలు ఆ నియమము నీడలో పనిచేసి వచ్చిన మనిషియే, సాయంకాలము పంపు బాగుచేయుటకు తన నూతిలోనికి 230 వోల్టుల బల్బును త్రాడువలె వ్రేలాడదీయుచున్నాడు. నూయి గోయి కాదా? అక్కడి తడి తడి కాదా? కర్మాగారములో ఆ నియమమును చూచుటకు ఒక ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. పొలములో రైతుకు రైతే ఇన్‌స్పెక్టరు. నూతిలో దిగి పనిచేయుటకు బ్యాటరీ దీపమే వాడవలెను.

సరియైన దారులు

మొదటిది, అన్నిటికంటె మేలైనది, పాకకు వేరుగ సింగిల్ ఫేజు సర్వీసు తీసికొనుట. దీనికి డిపాజిట్టు, నెలనెలా బిల్లు ఉండును. ఐనను ఒక లాభమును గమనించవలెను. వ్యవసాయ ఫీడరును వేరుచేసిన చోట మూడు ఫేజుల సరఫరా రోజుకు 9 గంటలు మాత్రమే. దానినుండి దొంగిలించిన దీపము అవసరమైన రాత్రివేళ వెలుగదు. వేరు సర్వీసు దీపము వెలుగును.

రెండవది, ట్రాన్స్‌ఫార్మరు నుండి న్యూట్రలు తీగ మోటారు వరకు వచ్చియున్నచో, పంపిణీ సంస్థ అనుమతితో, లైసెన్సు గల ఎలక్ట్రీషియనుచేత ఒక ఫేజును, ఆ న్యూట్రలును వేరు పెట్టెలోనికి తీయించుట. ఆ పెట్టెలో 6 ఆంపియర్ల ఎం.సి.బి., 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పక ఉండవలెను. పోయిన కరెంటు అంతయు తిరిగి రాకున్నచో ఆర్.సి.సి.బి. కన్ను మూసి తెరచునంతలో సరఫరాను ఆపివేయును. ఎర్తును న్యూట్రలుగ వాడిన చోట ఇది నిలువనే నిలువదు, పెట్టిన వెంటనే పడిపోవును. అట్లు పడినపుడు పరికరము చెడినదని తీసి పారవేయరాదు. తప్పు ఎక్కడ ఉన్నదో అది చూపించుచున్నదని గ్రహించవలెను.

మూడవది, మోటారునకు న్యూట్రలుతో పనిలేదు గనుక కొన్ని పాకలకు మూడు తీగలే వచ్చును. అట్టిచోట 415 వోల్టులను 230 వోల్టులకు దించు చిన్న ట్రాన్స్‌ఫార్మరును అనుమతితో పెట్టించవచ్చును. దానిలో రెండు చుట్లు విడివిడిగ ఉండవలెను. దించిన వైపు ఒక కొనను ఎర్తుకు కలిపి, ఆ తరువాత ఎం.సి.బి., ఆర్.సి.సి.బి. వేయవలెను. దీపములకు, చార్జర్లకు 500 వోల్టు ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మరు సరిపోవును. చాఫ్ కట్టరునకు అది చాలదు. కట్టరు తప్పనిసరి ఐనచో మూడు ఫేజుల మోటారు గల కట్టరునే కొనుట మంచిది.

నాల్గవది, ఒక్క దీపము మాత్రమే కావలసినవారికి సౌరదీపము. దీనికి లైనుతోనే పనిలేదు.

ఏ దారికైనను అనుమతి ఎందుకని అడుగవచ్చును. 2003 నాటి విద్యుత్ చట్టము 126వ సెక్షను ప్రకారము, ఇచ్చిన ప్రయోజనమునకు గాక వేరొక ప్రయోజనమునకు కరెంటు వాడుట అనధికార వినియోగము. పైగా ప్రమాదము జరిగినపుడు అనధికారపు తీగ ఉన్నదని తేలినచో ఆ కుటుంబము ఎవరినీ గట్టిగ అడుగలేదు.

మన శాఖకు సంబంధము లేదా?

“విద్యుత్తు వ్యవసాయ శాఖ విషయము కాదు గదా” అని మిత్రులు కొందరు అనుచుందురు. పురుగుమందు కూడ మనము తయారుచేయునది కాదు. ఐనను దానిని చల్లునపుడు గాలి ఎటు వీచుచున్నదో, చేతికి తొడుగు ఉన్నదో లేదో చెప్పుచున్నాము. యంత్రమునకు సబ్సిడీ ఇచ్చి, దానిని తగిలించు చోటును గూర్చి మౌనము వహించుట కొండనాలుకకు మందు వేసి ఉన్న నాలుకను ఊడగొట్టుటయే అగును.

కాబట్టి మూడు పనులు జరుగవలెనని నా కోరిక. ఒకటి, సింగిల్ ఫేజు యంత్రము కొరకు దరఖాస్తు పెట్టు రైతును “మీ పాకకు సింగిల్ ఫేజు సర్వీసు కలదా?” అని అడుగు వరుస ఆ ఫారములోనే ఉండవలెను. లేనిచో మూడు ఫేజుల యంత్రమును గాని, చేతి యంత్రమును గాని సూచించవలెను. రెండు, పంపుసెట్టు సర్వీసుతోబాటు ఎం.సి.బి., ఆర్.సి.సి.బి. ఉన్న చిన్న దీపపు పెట్టెను నామమాత్రపు రుసుముతో మంజూరు చేయు విధానమును విశాఖపట్నమునందలి తూర్పు ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ పరిశీలించవలెను. దీనివలన కొంత ఉచిత కరెంటు దీపములకు పోవునని ఆక్షేపణ రావచ్చును. నేడును అది పోవుచునే ఉన్నది, ప్రాణరక్షణ లేకుండ పోవుచున్నది. 6 ఆంపియర్ల ఎం.సి.బి. ఆ వాడకమునకు ఒక హద్దు కూడ పెట్టును. మూడు, రైతు శిక్షణ తరగతులలో ఒక గంట లైన్‌మనుకు ఇచ్చి, ఎర్తు కడ్డీని, ఆర్.సి.సి.బి.ని రైతుల కంటి ఎదుట చూపించవలెను.

అందాక రైతు సోదరులు ఒక్క పరీక్ష చేసికొనుడు. పగటివేళ, చేతితో ఏమియు ముట్టకుండ, మీ పాకలోని దీపపు తీగలు రెండును ఎక్కడికి పోవుచున్నవో కంటితో వెంబడించుడు. అందులో ఒకటి మోటారు ఒంటికో, గొట్టమునకో, కడ్డీకో చేరినచో ఆ దీపమును ఇక వెలిగించకుడు, ఆ సాకెట్టును వాడకుడు. 1912 నంబరుకు గాని, మీ లైన్‌మనుకు గాని తెలిపి, సరఫరా ఆపించిన పిమ్మటనే దానిని విప్పించుడు. చెరకు నరకుట మొదలై పాకలో పొయ్యి రాజుటకు పూర్వమే ఈ పని ముగియవలెను.